నకిలీ రక్తం వేరు, నిజమైన చావు వేరు

హారర్ అభిమానులకు తెర మీద ఎంత రక్తం పారినా చలనం ఉండదని ఒక వ్యాసంలో చదివాను. నేను ఒప్పుకోను. 1980 నాటి ఇటలీ సినిమా ‘కానిబల్ హోలోకాస్ట్’నే తీసుకోండి. నటుల్ని నిజంగానే చంపేశారన్న అనుమానంతో దర్శకుడు రుగ్గెరో డియోడాటోపై కేసు పెట్టారు. వాళ్లు బతికే ఉన్నారని ఆయన నిరూపించుకోవాల్సి వచ్చింది. ఆ చావులన్నీ మేకప్, నటన. జంతువుల చావులు మాత్రం నిజం. ఒక పెద్ద తాబేలును కెమెరా ముందే చంపి కోశారు. ఎంత ఘోరమైన సీన్‌నైనా కళ్లార్పకుండా చూసేవాళ్లు కూడా చాలామంది అక్కడ ఆగిపోతారు. నేనూ అంతే. నటుడికి అది షూటింగ్ అని తెలుసు, ఇష్టపడే ఒప్పుకుంటాడు. తాబేలును ఎవరడిగారు?

2011లో బ్రిటన్ సెన్సార్ వాళ్లు కోవాటి (coati) అనే చిన్న జంతువును చంపే సీన్‌లో సుమారు 15 సెకన్లే కత్తిరించి, తాబేలు సీన్‌ను అలాగే ఉంచేశారు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. జంతువుల్ని చంపే సీన్లు తీసేసిన వెర్షన్ కూడా డిస్కుల్లో వచ్చింది. ఈ సినిమా చూసి తీరాలనుకునేవాళ్లు దయచేసి దాన్నే వెతుక్కోండి. కథకు ఏ లోటూ రాదు, భయమూ తగ్గదు.