ఈ పీపా నా సొంతం

ఇండీ గేమ్‌ల (పెద్ద కంపెనీల అండ లేకుండా ఒకరిద్దరు కూర్చుని చేసే వీడియో గేమ్‌ల) లోకంలో విలువలు ఎంతగా దిగజారిపోయాయో తలుచుకుంటే నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. నిద్ర లేకపోవడానికి ఇంకో కారణమూ ఉంది. నా గేమ్‌లో పెట్టబోయే చెక్క పీపాకు ఇనప పట్టీలు చేస్తున్నాను. పని మొదలుపెట్టి పద్నాలుగు నెలలైంది, ఇప్పుడు మూడో పట్టీ దగ్గరున్నాను.

మొన్న ఒక కుర్రాడు తను చేసిన గేమ్ చూపించాడు. రెండు గంటలు ఆడాను. లేవబుద్ధి కాలేదు. అంతలో ఒక మూలన పీపా కనబడింది. ఆ పీపా నాకు తెలుసు. అది ఒక అసెట్ ప్యాక్‌లోది, అంటే ఎవరి గేమ్‌లోనైనా పెట్టుకోవడానికి రెడీమేడ్‌గా అమ్మే బొమ్మల మూటలోది. ఇదివరకే దాన్ని ఒక సముద్రపు దొంగల ఓడలో, ఒక దయ్యాల కొంపలో, అంగారకుడి మీద కట్టిన స్థావరంలో చూశాను. (అంగారకుడి మీద చెక్క పీపా ఏమిటని అడక్కండి. ప్యాక్‌లో వచ్చింది, పెట్టారు.) అక్కడితో ఆట ఆపేశాను. ఆ రెండు గంటల సంతోషాన్నీ వెనక్కి తీసుకుంటున్నానని అక్కడికక్కడే ప్రకటించాను.

"ఇది కొన్నావా?" అని అడిగితే, "ఔనన్నా, లైసెన్స్ కూడా ఉంది" అన్నాడు ఏ మాత్రం తడబడకుండా. దొంగిలించి ఉంటే కనీసం కష్టపడ్డాడనుకునేవాణ్ని.

గేమ్‌లు కట్టే ఇంజిన్ (సాఫ్ట్‌వేర్) తయారుచేసే యూనిటీ వాళ్లు 2010లో ఇలాంటి వాటి కోసం అసెట్ స్టోర్ తెరిచినప్పుడే ఈ ప్రమాదం పసిగట్టాల్సింది. ఎవరో చెట్లు చేసి పెడతారు, ఎవరో కొంటారు. కొన్నవాడికి బోలెడు సమయం మిగిలిపోతుంది. ఆ సమయంలో వాడు ఏం చేస్తాడు? ఆట సరదాగా ఉందా లేదా అని ఆలోచిస్తూ కూర్చుంటాడు! విశ్వామిత్రుడు త్రిశంకుడి కోసం వేరే స్వర్గం సృష్టించినప్పుడు ఇంద్రుడి దగ్గర నక్షత్రాల ప్యాక్ కొన్నాడా? అన్నీ సొంతంగానే చేసుకున్నాడు. త్రిశంకుడు ఇప్పటికీ అక్కడ తలకిందులుగా వేలాడుతున్నాడంటారా, అది వేరే సంగతి.

ఉన్నదాన్నే మళ్లీ వాడుకోవడం కొత్తేమీ కాదని కొందరు పాత కథలు తవ్వి తెచ్చి వాదిస్తారు. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌లో పైనున్న మబ్బూ కిందున్న పొదా ఒకే బొమ్మ, రంగు మార్చారంతే అంటారు. నిజమే. కానీ ఆ గేమ్ మొత్తం 40 కిలోబైట్లలో ఇమడాలి, కాబట్టి అది పేదరికం. పేదరికాన్ని మనం క్షమిస్తాం. 1993 నాటి డూమ్ అనే గేమ్‌లో చాలా చప్పుళ్లు అమ్మకానికి దొరికే సౌండ్ లైబ్రరీలోవే అంటారు. విల్‌హెల్మ్ కేక అనే అరుపును 1951లో ఒక సినిమా కోసం రికార్డ్ చేస్తే, ఆ ఒక్క కేకే ఆ తర్వాత వందల సినిమాల్లో వినబడిందంటారు. అంటే ఒకే మనిషి అన్ని చావులు చచ్చాడు. ఈ పద్ధతికి ఇంతకంటే పెద్ద శిక్ష ఏముంటుంది?

నా ఆదర్శం స్టార్‌డ్యూ వ్యాలీ అనే గేమ్. ఒక్క మనిషి నాలుగేళ్లకు పైగా కూర్చుని బొమ్మలూ, సంగీతమూ, కథా, కోడూ అన్నీ తనే చేసి 2016లో విడుదల చేశాడు. ఈ మాట ఎక్కడ చెప్పినా ఎవరో ఒకరు లేచి, "ఆయన కూడా మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్‌ఎన్‌ఏ అనే రెడీమేడ్ ఫ్రేమ్‌వర్క్ మీదే కట్టాడు కదా" అంటారు. అలా అన్నవాళ్లతో నేను మాట్లాడటం మానేశాను. ఇంజిన్లూ ఫ్రేమ్‌వర్క్‌లూ అసెట్లు కావు. ఎందుకు కావంటే, నేనూ ఒకటి వాడుతున్నాను. నా గేమ్‌లో గురుత్వాకర్షణ దాంతో వచ్చిందే. వెలుతురూ దాంతో వచ్చిందే. ఫాంటు ఎవరిదో నాకు తెలీదు. పీపా మాత్రం నాది.

ఆ కుర్రాడు తన తప్పును సమర్థించుకోవడానికి చాలా చెప్పాడు. కొన్న నాలుగు ప్యాక్‌లు ఒకదానితో ఒకటి కలవలేదట. ఒక ప్యాక్‌లో తలుపు హీరో నడుము దాకా వస్తే, ఇంకోదాంట్లో కుర్చీ వాడి తల దాకా వచ్చిందట. ఒకటి ఫొటోలా, ఒకటి కార్టూన్‌లా ఉంటే, టెక్స్చర్లన్నీ (బొమ్మల పైన అతికించే రంగుల తొడుగులు) తీసేసి ఒకే రంగుల పట్టికలోకి మార్చాడట. చేతిలో పట్టే చెంచాకు భారీ 4కె టెక్స్చర్ ఉందని, గేమ్ నత్తనడక నడుస్తోందని దాన్ని కుదించాడట. నడక యానిమేషన్ మిక్సమో అనే సైట్‌లో ఉచితంగా దొరికిందే కానీ, అందరు హీరోలూ అలాగే నడుస్తున్నారని దాన్ని సరిచేయడానికి వారాలు కూర్చున్నాడట. ఇవన్నీ వింటుంటే నాకు జాలేసింది. ఇంత ఓపికే ఉంటే ఈపాటికి ఒక కుర్చీ కాలు సొంతంగా చేసుకోలేడూ?

ఇక రెడీమేడ్ టెంప్లేట్ కొని, పేరు మార్చి, స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్‌ల దుకాణంలో చేరడానికి స్టీమ్ డైరెక్ట్‌కు 100 డాలర్లు కట్టి, అమ్మకానికి పెట్టేవాళ్లు ఉన్నారు. అసెట్ ఫ్లిప్ అంటారు దాన్ని. జాంబీ పేరు కూడా జాంబీ 1 అనే ఉంటుంది, ఫోల్డర్‌లో ఎలా ఉందో అలాగే. లోకమంతా తిట్టే ఈ మనుషుల మీద నాకెందుకో అంత కోపం రాదు. ఆట ఎలా ఉండాలన్న చర్చలోకి వాళ్లూ దిగరు, నేనూ దిగను.

నిన్న ఆ కుర్రాణ్ని పిలిచి నా గేమ్ చూపించాను. మూడో పట్టీ లేకపోయినా చూపించడానికి ఇబ్బంది లేదనిపించింది. హీరో ఇంకా తయారు కాలేదు, గాల్లో తేలే ఒక చెయ్యి ఉంది. దానికి నాలుగే వేళ్లు, కానీ నాలుగూ నావే. ఖాళీ గది, మధ్యలో పీపా. చెక్క గీతలన్నీ దగ్గరికొచ్చి చూస్తాడని ఎదురుచూశాను. వాడు ఒక్క గుద్దు గుద్దాడు. పీపా ముక్కలైంది. గదిలో ఇంకేమీ లేదు కాబట్టి ఆట కూడా అయిపోయింది.

"చప్పుడు మాత్రం అదిరిందన్నా, మీరే రికార్డ్ చేశారా?" అన్నాడు.

అదొక్కటీ ఉచిత లైబ్రరీలోంచి తెచ్చింది. ఊఁ అన్నాను.