సవరణ: అమెరికాలో స్థిరపడే తల్లిదండ్రులకు మెడికేర్ ఎప్పుడు వర్తిస్తుంది

అమెరికాలోని పిల్లల దగ్గర విశ్రాంత జీవితం గడపదలచినవారి కోసం ఇంతకుముందు రాసిన వ్యాసంలో, 65 ఏళ్లు నిండినవారికి గ్రీన్‌కార్డు రాగానే మెడికేర్ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) వర్తిస్తుందని రాశాను. అది తప్పు. గుంటూరు బ్రాడీపేటలో మా వీధిలోనే ఉండే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఆ మాట నమ్మి, ఇంటి దస్తావేజులు, పింఛను పుస్తకం ఒకే సంచిలో సర్దుకుని, ఇల్లు అమ్మకానికి పెట్టబోతూ నన్ను అడిగినప్పుడు, నా పొరపాటు ఎంత బరువైనదో అర్థమైంది. ఆయనకూ, చదివిన అందరికీ క్షమాపణలు.

అసలు నిబంధన ఇది: 65 ఏళ్లు దాటి, గ్రీన్‌కార్డుతో కనీసం 5 సంవత్సరాలు వరుసగా అక్కడే నివసించినవారే రుసుము చెల్లించి మెడికేర్‌లో చేరగలరు. ఆసుపత్రి ఖర్చులు భరించే పార్ట్ ఎ ఉచితంగా రావాలంటే తాము గాని, జీవిత భాగస్వామి గాని అక్కడ 40 త్రైమాసికాలు, అంటే సుమారు పదేళ్లు, పన్ను కడుతూ పనిచేసి ఉండాలి. కొడుకో కూతురో చేసిన ఉద్యోగం ఈ లెక్కలోకి రాదు. కనుక మొదటి అయిదేళ్లకు ప్రైవేటు బీమా ఖర్చును ముందే లెక్కలో వేసుకోవాలి. మందుల చీటీలు, పాత రిపోర్టులు వెంట తీసుకెళ్లడం కంటే ఇదే ముఖ్యమని నా అభిప్రాయం.

మరొక చిన్న సవరణ: ఇక్కడి సేవింగ్స్ ఖాతాను అలాగే ఉంచుకోవచ్చన్నాను. శాశ్వతంగా వెళ్లేవారు దానిని, ప్రవాస భారతీయులు ఇక్కడి ఆదాయం కోసం ఉంచుకునే ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్పించుకోవాలి.