మూన్నెళ్ల ముచ్చట గారికి

మహారాజశ్రీ అమెరికా షార్ట్ టర్మ్ హెల్త్ ప్లాన్ (కొన్ని నెలల తాత్కాలిక ఆరోగ్య బీమా) గారికి,

ఉభయకుశలోపరి అని రాయబోయి ఆగాను. మా కుశలం గురించి మీకు ఏ ముక్క రాసినా అది రేపు క్లెయిమ్ ఫైల్లో తేలుతుంది. అందుకని నేరుగా సంగతికొస్తాను.

టెక్సాస్‌లో మా తెలుగువాళ్ల ఇళ్లకు మీరు ఎప్పుడొస్తారో అందరికీ తెలిసిందే. శుక్రవారం పొద్దున హెచ్ఆర్‌తో చిన్న మీటింగ్, మధ్యాహ్నానికి లాప్‌టాప్ లాక్, నెలాఖరుకి ఇన్సూరెన్స్ కార్డు చెల్లదు. అదెలా పసిగడతాడో గానీ, ఫోన్లో మీ ఏజెంటు. "కొత్త జాబ్ వచ్చేదాకా గ్యాప్ కవరేజ్ సార్, రేపట్నుంచే స్టార్ట్." ధర చెప్తాడు. జీతం ఆగిన ఇంట్లో ఆ ధర చెవికి ఎంత ఇంపుగా ఉంటుందో!

తర్వాత అప్లికేషన్. పెళ్లిచూపుల్లో కూడా అన్ని ప్రశ్నలు అడగరు. షుగరుందా, గుండెకేమైనా చేయించుకున్నారా, గత ఐదేళ్లలో దేనికైనా మందులు వాడారా, ఇంట్లో ఎవరైనా గర్భవతా? ఒక్క 'అవును' పడితే సంబంధం తప్పిపోవచ్చు. మామూలు పాలసీలు ఇలా అడిగి మనిషిని వెనక్కి పంపే రోజులు 2014తో పోయాయి. ఒబామా చట్టం ప్రకారం పాత జబ్బు ఉన్నా తీసుకోవాలి, కాన్పు, మందులు, మానసిక చికిత్స కవర్ చేసి తీరాలి. ఆ చట్టం మీ గుమ్మం దాకా రాదు. మీరు తాత్కాలికం కదా!

మా స్నేహితుడొకడు అన్ని 'లేదు'లూ నిజాయితీగానే టిక్కు పెట్టి మిమ్మల్ని కొన్నాడు. ఓ అర్ధరాత్రి నడుములో పోటు. ఎమర్జెన్సీ, స్కాన్, కిడ్నీలో రాయి. బిల్లు అందగానే మీరు అతని పాత రికార్డులన్నీ తెప్పించుకున్నారు. ఎప్పుడో సోనా మసూరి బస్తా ఎత్తబోయి నడుం పట్టేస్తే అర్జెంట్ కేర్‌లో రాసిన ఒక్క లైను దొరికింది: నడుము నొప్పి. ఇంకేం, అది పాత జబ్బు. క్లెయిమ్ తిరిగొచ్చింది.

మీ ఫైన్ ప్రింట్ నేనూ చదివాను. డాక్టరుకు చూపించుకుని ఉండక్కర్లేదట. బుద్ధిమంతుడెవడైనా డాక్టరు దగ్గరికి పరుగెత్తేంత లక్షణం ముందే ఉంటే చాలు, అది పాత జబ్బేనట. ఆ బుద్ధిమంతుడు మీ దగ్గర పాలసీ ఎందుకు కొంటాడో మాత్రం ఎక్కడా రాయలేదు.

అన్యాయం ఎందుకు, మీరు బొత్తిగా పనికిరారని అనను. నిండు ఆరోగ్యంతో ఉన్న కుర్రాడు, రెండు నెలల్లో కొత్త ఉద్యోగం ఖాయం, ఈలోగా కాలు విరిగింది. అప్పుడు ఆదుకుంటారు. ఆ కాలు ఇంతకుముందు బెణికి ఉండకూడదు, అంతే.

నాకు మండేది మీరు ఇవ్వనిదాని గురించి కాదు, పట్టుకుపోయేదాని గురించి. ఉద్యోగం పోయిన హెచ్-1బీ వాడి బతుకంతా అరవైల మీదే నడుస్తుంది. దేశంలో ఉండటానికి అరవై రోజులు మించి లేవు. ఒబామా చట్టం కింద నడిచే మార్కెట్‌ప్లేస్ అనే బీమా బజారులో అసలైన పాలసీ కొనడానికి అరవై రోజులు. పాత కంపెనీ ఇన్సూరెన్స్‌నే కోబ్రా అనే చట్టం కింద సొంత ఖర్చుతో కొనసాగించడానికి అరవై రోజులు. ముప్ఫై ఐదేళ్లకే షష్టిపూర్తి చేసేస్తారు. మీరు చేతిలో ఉన్నారు కదా అని ఈ అరవైలు దాటనిస్తే అయిపోయినట్టే. మీ గడువు తీరితే మార్కెట్‌ప్లేస్ మళ్లీ ప్రత్యేకంగా తలుపు తెరవదు, ఎందుకంటే మిమ్మల్ని అది ఇన్సూరెన్స్ కిందే లెక్కెయ్యదు. ఏటా అందరికీ తలుపు తెరిచే నవంబరు 1న లైన్లో నిలబడి, కొత్త పాలసీ మొదలయ్యే జనవరి దాకా జలుబు కూడా చెయ్యకుండా చూసుకోవాలి.

కోబ్రా మాత్రం మంచిదా అంటారు. కుటుంబానికి నెలకు రెండు వేల డాలర్లు దాటడం మామూలే. కంపెనీ కట్టే వాటా కూడా మనమే కట్టుకోవాలి, పైన రెండు శాతం ఖర్చులు. కానీ ఆ 1986 నాటి చట్టంలో ఒక వెసులుబాటుంది. అరవై రోజుల్లోపు ఎప్పుడు సంతకం పెట్టినా, పాత కవరేజీ ఆగిన రోజు నుంచే లెక్క. ఆ రోజు నుంచి బాకీ కట్టాలి, నిజమే. కానీ ఏ రోగమూ రాకపోతే సంతకమే అక్కర్లేదు. ఈ ముక్క మీ ఏజెంటు నోట ఎప్పుడూ వినలేదు.

ఇక మీ ఆయుష్షు సంగతి. అది రాసేది బ్రహ్మ కాదు, వాషింగ్టన్. 2016లో మూడు నెలల్లోపే అన్నారు. 2018లో 364 రోజులు, పొడిగిస్తే మూడేళ్లు అన్నారు. నిండా ఏడాది అయితే చట్టం పట్టుకుంటుందని ఆ ఒక్క రోజు తగ్గించడం చూస్తే ముచ్చటేసింది. 2024లో మళ్లీ నాలుగు నెలలకు కోశారు. 2025 ఆగస్టులో, ఆ నిబంధన అమలు మాకంత ముఖ్యం కాదని ట్రంప్ ప్రభుత్వం ప్రకటించింది. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ మిమ్మల్ని గడప తొక్కనివ్వవు. మా టెక్సాస్‌కి ఆ పట్టింపులు లేవు.

మీ ఏజెంటుకి ఒక మాట చెప్పండి. ముందు అరవై రోజుల సంగతి చెప్పమనండి, ధర తర్వాత చెప్పొచ్చు. అది కుదరదంటే కనీసం సాయంత్రాలు ఫోన్ చెయ్యొద్దనండి. మావాడు ఇంటర్వ్యూలకి చదువుకుంటున్నాడు.

ఇట్లు,
ఐదేళ్ల మెడికల్ హిస్టరీ గల ఒక మనిషి