లాగిన్ ఇవ్వను, నా పేపర్ ఇస్తా

మొన్న గురువారం రాత్రి ఒక జూనియర్ మెసేజ్ పెట్టాడు. "అక్కా, మీ యూనివర్సిటీ లైబ్రరీ లాగిన్ ఒక్క రోజు ఇస్తారా? పది పరిశోధన పేపర్లు తీసుకుని మళ్లీ ముట్టుకోను." ఘట్‌కేసర్ వైపు ఒక ప్రైవేట్ కాలేజీలో ఎంటెక్ చేస్తున్నాడు, బుద్ధిమంతుడు. ఆ లాగిన్‌తో మా యూనివర్సిటీ డబ్బు కట్టి తెప్పించే జర్నల్స్ తెరుచుకుంటాయి. అయినా ఇవ్వనన్నాను. నొచ్చుకున్నాడు. వాడిలాగే అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఎందుకివ్వలేదో ఇక్కడ రాస్తున్నా.

నా థీసిస్ సబ్మిషన్‌కు ఇంకా తొమ్మిది రోజులుందనగా జరిగిన సంగతి ఇది. పొద్దున్నే లైబ్రరీకి వెళ్లి ఒక జర్నల్ తెరిస్తే, రోజూ పీడీఎఫ్ బటన్ ఉండే చోట డాలర్లలో ధర కనిపించింది. పక్క సిస్టమ్‌లోనూ అంతే. పరుగున వెళ్లి అడిగితే లైబ్రేరియన్ గారు పబ్లిషర్ పంపిన మెయిల్ ప్రింటు నా ముందు పెట్టారు. అర్ధరాత్రి నుంచి తెల్లవారేదాకా ఒకే రిమోట్ లాగిన్ నుంచి సంచికలకు సంచికలే డౌన్‌లోడ్ అయ్యాయట. ఎవరో స్క్రిప్ట్ (దానంతటదే డౌన్‌లోడ్ చేసుకుపోయే చిన్న ప్రోగ్రామ్) పెట్టి పడుకున్నారు. లాగిన్ ఒక స్కాలర్‌ది, స్క్రిప్ట్ మాత్రం అతని దగ్గర పాస్‌వర్డ్ తీసుకున్న బయటి స్నేహితుడిది. రిమోట్‌గా ఎవరు చొరబడినా పబ్లిషర్‌కు కనిపించేది మా యూనివర్సిటీ ఐపీ అడ్రసే, అంటే ఇంటర్నెట్‌లో మా అందరి ఉమ్మడి చిరునామా. అందుకని ఆ ఒక్కణ్ని కాక అందరినీ ఆపేశారు. తాళం తీయడానికి వారం పట్టింది. ఆ వారం నేను పడ్డ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

ఈ మాటంటే ఆరన్ స్వార్ట్జ్ పేరు చెప్పి నన్ను తిట్టేవాళ్లున్నారు. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ నెట్‌వర్క్ నుంచి జేస్టోర్ అనే జర్నల్స్ భాండాగారంలోని పేపర్లను లక్షల్లో డౌన్‌లోడ్ చేసిన ప్రోగ్రామర్ ఆయన. జ్ఞానం అందరికీ అందాలన్న ఆయన తపన మీద నాకు గౌరవముంది. ఆయన్ని కేసులతో వేధించిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. కానీ ఆ డౌన్‌లోడ్ల వల్ల 2010 అక్టోబరులో జేస్టోర్ ఎంఐటీ మొత్తానికి కొన్ని రోజులు యాక్సెస్ ఆపేసిందన్నదీ నిజమే. అప్పుడూ నష్టపోయింది చదువుకునేవాళ్లే.

మరి జూనియర్ బాధ? అది న్యాయమైనదే. 2024 నవంబరులో కేంద్రం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్‌కు, అంటే దేశం మొత్తానికి కలిపి ఒకేసారి జర్నల్స్ చందా కట్టే పథకానికి ఆమోదం తెలిపింది. మూడేళ్లకు 6,000 కోట్లు, 30 మంది పబ్లిషర్లు, దాదాపు 13,000 జర్నల్స్. మంచి పనే. అయితే అది ప్రభుత్వ సంస్థలకు. వీడి కాలేజీ అందులో లేదు. అదే ఊళ్లో, అదే సబ్జెక్టు చదువుతూ, తార్నాకలో ప్రభుత్వ యూనివర్సిటీలో ఉన్నవాడికి తెరుచుకునే పేజీ ఘట్‌కేసర్‌లో ఉన్నవాడికి తెరుచుకోకపోతే కోపం రాదా?

కానీ ఆ కోపానికి మందు నా పాస్‌వర్డ్ కాదు. మన జనం డబ్బుతో చేసిన పరిశోధన మనవాళ్లకే తాళం వెనక ఎందుకుంది అని మనల్ని మనం అడగాలి. ఆ పేపర్లు రాసిందే మనం కదా! పరిశోధనలకు నిధులిచ్చే కేంద్ర ప్రభుత్వ శాఖలు డీబీటీ (బయోటెక్నాలజీ), డీఎస్టీ (సైన్స్ అండ్ టెక్నాలజీ) 2014లోనే పాలసీ తెచ్చాయి, తమ నిధులతో చేసిన పని తాలూకు పేపర్లను రిపాజిటరీలో, అంటే ఎవరైనా ఉచితంగా చదువుకోగల ఆన్‌లైన్ భాండాగారంలో పెట్టాలని. పేపర్ యాక్సెప్ట్ అయ్యాక మన చేతిలో ఉండే చివరి వెర్షన్‌ను రిపాజిటరీలో పెట్టుకోవడానికి చాలామంది పబ్లిషర్లు ఒప్పుకుంటారు, ఒక్కోసారి కొన్ని నెలలు ఆగమంటారు. పైసా ఖర్చు లేదు. మన డిపార్ట్‌మెంట్లలో ఎంతమంది పెడుతున్నాం చెప్పండి?

పైగా ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదువుకునేలా ప్రచురించడం) అనగానే "ఎంతిచ్చి వేయించుకున్నావు?" అనే ప్రొఫెసర్లున్నారు. డబ్బులు గుంజి రివ్యూ లేకుండా అచ్చేసే దొంగ జర్నల్స్ ఉన్నాయి, కాదనను. వాటి పాపం నిజాయితీగా నడిచే జర్నల్స్‌కు అంటగట్టకండి. ఓపెన్ యాక్సెస్ జర్నల్స్ జాబితా అయిన డీఓఏజే వెబ్‌సైట్‌లో వెతికి చూడండి, రచయిత దగ్గర రూపాయి తీసుకోనివి ఎన్నో కనిపిస్తాయి.

మర్నాడు జూనియర్ పంపిన లిస్టు ముందేసుకుని కూర్చున్నాం, వాడు ఫోన్‌లో, నేను లాప్‌టాప్ దగ్గర. బ్రౌజర్‌లో అన్‌పేవాల్ పెట్టించాను, పేపర్‌కు చట్టబద్ధమైన ఉచిత కాపీ ఉంటే చూపించే ఎక్స్‌టెన్షన్ అది. ఆకుపచ్చ తాళం గుర్తు వచ్చిన ప్రతిసారీ వాడు "అక్కా, వచ్చింది!" అని అరిచాడు. అలా ఆరు దొరికాయి, వాటిలో రెండు ఆర్కైవ్ (arXiv) అనే ఉచిత రిపాజిటరీలోవి. మిగిలినవాటి రచయితలకు నాలుగు ముక్కల మెయిల్ రాయించాను: నేనెవరు, ఏం చదువుతున్నా, ఏ పేపర్ కావాలి, ఎందుకు. శనివారం పొద్దుటికి ఒకాయన పేపర్ పంపి, నీ టాపిక్ ఏమిటి బాబూ అని అడిగారట. రెండింటికి ఇంకా ఎదురుచూస్తున్నాడు.

లిస్టులో ఆఖరిది చూసి నాకే తల కొట్టేసినట్టయింది. అది నా పేపరే. తాళం వెనకుంది. ఇవాళ మధ్యాహ్నం పాత హార్డ్ డిస్క్ తీసి, యాక్సెప్ట్ అయిన వెర్షన్ వెతికి, పబ్లిషర్ పెట్టిన గడువు దాటిందని చూసుకుని మా రిపాజిటరీలో పెట్టాను. లింకు మొదట వాడికే పంపాను.