నీళ్లు పోస్తే తుప్పు పడుతుందట!

కాటన్ దొర 1852 నాటికే ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించి మన గుమ్మాల ముందుకి కాలవలు తెచ్చిపెట్టాడు. ఆ దొరల సైన్యమే తర్వాత్తర్వాత త్రీ నాట్ త్రీ తుపాకీ పేల్చాక, దాని గొట్టానికి గరాటు పెట్టి మరిగే నీళ్లు పోసేది. మనం కాలవలు ఉంచుకుని గరాటు వదిలేశాం. అమలాపురం చుట్టుపక్కల లైసెన్సు తుపాకీ ఉన్న ఏ పెద్దమనిషినన్నా అడగండి, "ఇనుముకి నీళ్లా? మతుండే మాట్లాడుతున్నావా?" అంటాడు.

మా మావయ్యగారు రేంజికెళ్లి పాత స్టాకు తూటాలు పేల్చుకొచ్చారు. శుద్ధి కార్యక్రమం అరుగు మీద. పేపరు పరిచారు, పాలేరు కుర్రాణ్ణి కేకేశారు, కొబ్బరినూనె సీసా తెప్పించారు. వీధి వీధంతా చేరింది. రాడ్డుకి పాత పంచెముక్క చుట్టి తోస్తే నల్లగా వచ్చింది. "చూశారా మురికి!" అని దాన్ని నలుగురికీ తిప్పి చూపించారు. మళ్లీ నూనె, మళ్లీ గుడ్డ. చివరికో ముక్క తెల్లగా రాగానే గొట్టానికి కన్నుపెట్టి ఆకాశం చూసి, "అద్దం!" అన్నారు. మాధవరం నుంచి చుట్టపుచూపుగా వచ్చిన మాజీ సుబేదారుగారు ఉండబట్టలేక, "ముందు మరిగే నీళ్లు పోయించండి బావగారూ" అన్నారు.

"వేణ్నీళ్లు పొయ్యడానికి ఇదేవన్నా బాలింతా అండీ?"

అరుగంతా ఘొల్లుమంది. సుబేదారుగారు కాఫీ తాగేసి బస్సెక్కేశారు.

ఆ నవ్వినవాళ్ల కోసమే చెబుతున్నాను. అలాంటి పాత తూటాల ప్రైమర్లో, అంటే తూటా అడుగున నిప్పు పుట్టించే మందులో, పొటాషియం క్లోరేటు ఉంటుంది. పేలగానే అది పొటాషియం క్లోరైడు అవుతుంది, మన కూరలో ఉప్పు జాతిదే. గాలిలో తేమ సుమారు 84 శాతం దాటిందా, దాన్ని పీల్చుకుని తనే నీరైపోతుంది, ఆ ఉప్పునీటికే ఇనుము తుప్పు పడుతుంది. వానాకాలం అంతర్వేది గాలికి 84 ఏ మూలకి? నూనెలో ఉప్పు కరగదు మహాప్రభో! గ్లాసుడు నూనెలో చెంచాడు ఉప్పేసి తెల్లవార్లూ తిప్పుకోండి. తూటా లేదని చూసుకుని, బోల్టు (తూటాని గొట్టంలోకి తోసి మూసే కడ్డీ) ఊడదీసి, గొట్టంలోనూ బోల్టు మొహానా మరిగే నీళ్లు పోస్తే ఉప్పు పోతుంది, ఆ వేడికే ఇనుమూ ఆరుతుంది. పొడిగుడ్డ తోసి, అప్పుడు పొయ్యండి మీ నూనె. (అమోనియా అనే మేధావులున్నారు. అది తూటా గొట్టంలో వదిలే రాగి మరకకి. ఉప్పుని కడిగేది అందులోని నీళ్లే.)

మూడోనాడు గొట్టం నిండా ఎర్రటి పొక్కులు. మావయ్యగారు సముద్రపు గాలన్నారు, దిష్టన్నారు, ఆఖరికి కుర్రాడి చేతి చెమటన్నారు. వాడి జీతంలో కోసేశారు. నూనె పొయ్యమన్నది ఎవరు? తెలిసినవాడు చెబితే నవ్వులపాలు చేసింది ఎవరు? అద్దమన్నది ఎవరు? అంత ఉప్పు గొట్టంలో పెట్టుకుని, గుడ్డ అందించినవాడి చెమటలోనే ఉప్పు కనపడిందా? సిగ్గుండక్కర్లా?

ఈసారి ఆముదం పోస్తారట. గానుగలో చెప్పి ఉంచారు కూడాను.