తుంటి ఎముక తీస్తే కుంటివాళ్లయిపోతారా?

"దవడ క్యాన్సర్‌కు తుంటి నుంచి ఎముక తీసి పెడతామంటే ఒప్పుకోకండి. జీవితాంతం కుంటాల్సిందే. పెట్టిన ఎముక ఎలాగూ చచ్చిపోతుంది. ప్లేటుతో అయిపోయేదాన్ని బిల్లు కోసం సాగదీస్తారు." హైదరాబాద్ ఫ్యామిలీ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ ఇది. గుట్కా దవడలను తినేస్తున్న ఊళ్లో ఇలాంటి మాట నమ్మి ఎవరైనా ఆపరేషన్ మానుకుంటారేమోనని నా భయం.

క్యాన్సర్ పట్టిన దవడ భాగం కోసేశాక మిగిలే ఖాళీని నింపడానికి తీసేది తుంటి కీలు కాదు. మొలతాడు నిలిచేచోట, పక్కన చేతికి తగిలే గట్టి అంచు ఉందే, అక్కడి ముక్క. కొన్ని వారాలు నొప్పి, నడకలో ఇబ్బంది ఉంటాయి. కొందరికి తొడ బయటివైపు తిమ్మిరి మిగిలిపోతుంది. పొట్ట కండరాలను ఆ అంచు నుంచి విడదీస్తారు కాబట్టి హెర్నియా కూడా రావచ్చు. డాక్టర్‌ని నిలదీసి అడగాల్సినవి ఇవీ.

ఇక "చచ్చిపోతుంది" అన్నమాట. రక్తనాళం లేకుండా తెచ్చిన ముక్క విషయంలో అది చాలావరకు నిజమే. అందులోని కణాలు ఎక్కువభాగం చనిపోతాయి, చుట్టుపక్కల ఎముక దాన్ని మెల్లగా కరిగిస్తూ కొత్తది కట్టుకొస్తుంది. చిన్న సందుకు అది చాలు. ఆరు సెంటీమీటర్లు దాటిన ఖాళీలో, రేడియేషన్ తగిలిన దవడలో దాన్ని నమ్ముకోలేం. అందుకే ఎముకను దానికి రక్తం తెచ్చే ధమని, తీసుకెళ్లే సిరలతో సహా తీసి, మైక్రోస్కోప్ కింద వెంట్రుక కన్నా సన్నని దారంతో మెడలోని నాళాలకు కలుపుతారు. నాళాలను నొక్కిపట్టిన క్లాంపులు వదలగానే కోసిన అంచు నుంచి రక్తం ఊరుతుంది. బతికున్న ఎముక కాబట్టి విరిగిన ఎముక అతికినట్టే అతుకుతుంది. ఈ ధమని ఆధారంగా చేసే పద్ధతిని 1979లో ఆస్ట్రేలియాలో ప్లాస్టిక్ సర్జన్ ఇయాన్ టేలర్ బృందం వివరించింది. నిన్నమొన్నటి ప్రయోగమేమీ కాదు.

ప్రమాదమే లేదనను. మొదటి రెండు మూడు రోజుల్లో కలిపిన నాళంలో రక్తం గడ్డకట్టిందంటే వెంటనే మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లాలి. పొగాకు మానని వాళ్లకు పుండు మానడమే కష్టమవుతుంది.

దవడ ఖాళీకి అడ్డంగా బిగించే లోహపు ప్లేటు మాటకొస్తే, వెనక ఎముక లేకుండా నమిలే బరువంతా దానిమీదే పడితే స్క్రూలు వదులవుతాయి, ప్లేటే విరగొచ్చు, చర్మం చీల్చుకుని బయటపడొచ్చు. పెద్ద ఆపరేషన్ తట్టుకోలేని వాళ్లకు డాక్టర్లే ప్లేటుతో సరిపెడతారు, అది వేరు. తుంటి ఎముకకు మందం ఉంటుంది గనుక తర్వాత దానిలో పళ్ల ఇంప్లాంట్లు కూడా పెట్టుకోవచ్చు.

బిల్లు భయం మాత్రం అర్థం చేసుకోదగ్గదే. మీ కేసు ఆరోగ్యశ్రీ కిందికి వస్తుందేమో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడగండి. రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఎం.ఎన్.జె. ఉంది, రెండో అభిప్రాయానికి అక్కడికీ వెళ్లొచ్చు.