మహారాజశ్రీ 16 బై 12 బరకం గారి సముఖమునకు

మహారాజశ్రీ నీలి రంగు టార్పాలిన్ బరకం గారి దివ్య సముఖమునకు, కడియం నర్సరీల పొరుగున కాపురముంటున్న విశ్రాంత లెక్కల మాస్టారు నమస్కరించి వ్రాసుకొను విన్నపము.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం సంప్రదాయం. కాని ఇక్కడ నేను కుశలంగా లేను. తమరు మాత్రం, తామరల కోసం మా పెరట్లో తవ్వించిన గుంతలో నీరు ఇంకకుండా పరిస్తే, నిన్న సాయంత్రం మూడు మూలలా లోపలికి జారిపోయి, రాత్రంతా బురదలో పవళించి, ఇవాళ ఇద్దరం కలిసి లాగితే బయటికి వచ్చి, డాబా మీద హాయిగా ఆరుతున్నారు. మోటారు గంటన్నర ఆడించి నింపిన నీటిలో తెల్లవారేసరికి జానెడు మిగిలింది. మిగతాదంతా మా లంక నేల తాగేసింది. నర్సరీ నుంచి తెచ్చిన తామర దుంపలు స్నానాల గదిలోని ఒకే ఒక్క బకెట్టును ఆక్రమించుకుని ఉన్నాయి.

కొలత విషయంలో నన్ను ఎవరూ వేలెత్తి చూపడానికి వీల్లేదు. ముప్పై ఏళ్లు పిల్లలకు దీర్ఘఘనాల వైశాల్యం చెప్పినవాణ్ణి. గుంత పొడవు 10 అడుగులు, వెడల్పు 6, లోతు 2. షీటు ఈ గోడ దిగి ఆ గోడ ఎక్కాలి కాబట్టి పొడవుకు లోతును రెండుసార్లు కలపాలి. ఆపైన గట్ల మీద పరచుకుని ఇటుకలు పెట్టుకోవడానికి రెండు వైపులా అడుగేసి వదలాలి. 10కి 4, 2 కలిపితే 16. 6కి అవే కలిపితే 12. కుండీలు నిలబెట్టడానికి లోపల మెట్టు తీసినా ఈ లెక్క మారదు, మెట్టు అడ్డంగా ఎంత తీసుకుంటుందో గుంత అడుగుభాగం అంత తగ్గుతుంది కనుక; ఈ సంగతి మా ఆవిడకు కాగితం మీద బొమ్మ గీసి మరీ నిరూపించాను. ఆవిడ బొమ్మ వైపు చూడకుండా, దండెం తాడు విప్పి ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా గుంతలో ఆనించి పరిచి, ఆ తాడును కొలుచుకోరాదా అన్నది. లెక్క ఉండగా తాడెందుకన్నాను. నిన్నటి నుంచి ఆ మాటను ప్రతి పూటా అన్నంతో పాటు నాకు వడ్డిస్తోంది.

తమరి కన్నా మెరుగైన సంబంధాలు రాకపోలేదు. ఈపీడీఎం అనే నల్ల రబ్బరు షీటు ఉందని, మిల్లీమీటరు మందంతో ఉండి గుంత ఎలా ఉంటే అలా సాగి కూర్చుంటుందని తెలిసి ఫోన్ చేశాను. ధర విని, వాళ్లను కూడా క్షేమసమాచారాలు అడిగి పెట్టేశాను. రొయ్యల చెరువులకు పరిచే నల్ల షీటు అడిగితే, ఎన్ని ఎకరాలండీ అన్నారు. అరవై చదరపు అడుగులని చెప్పలేకపోయాను. ఆ విధంగా, వరి నూర్పిళ్లలో ధాన్యం కప్పే తమరి దగ్గరికి వచ్చాను.

వచ్చినందుకు మొదటి సత్కారం మందంలో జరిగింది. 500 మైక్రాన్లు కావాలంటే, ఇది 250 జీఎస్ఎం, రెండూ ఒకటేనని కొట్టులో చెప్పారు. మైక్రాను మందాన్ని కొలుస్తుంది, జీఎస్ఎం చదరపు మీటరు బరువును గ్రాముల్లో చెబుతుంది. రెండూ ఒకటైతే మా ఎత్తూ మా బరువూ కూడా ఒకటే కావాలి. ఇవాళ తమరిని కిరాణా కొట్టు కాటా మీద కూర్చోబెడితే నాలుగు కిలోల పైచిలుకు తూగారు. 500 మైక్రాన్ల షీటు ఈ కొలతలో ఏడు కిలోలు దాటాలి. పోనీ, దాన్ని క్షమించాను.

క్షమించలేనిది ఎనిమిది అంగుళాలు.

డాబా మీద తమరిని ముడత లేకుండా పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, ఇనుప టేపుతో మూడుసార్లు కొలిచాను. పొడవు 15 అడుగుల 4 అంగుళాలు. వెడల్పు 11 అడుగుల 5 అంగుళాలు. కవరు మీద మాత్రం 16 బై 12 అని, బొటనవేలంత అక్షరాలతో, నేటికీ ఉంది. కొట్టుకు వెళ్లి అడిగాను. ఆయన నన్ను జాలిగా చూసి, "అది కట్ సైజు మాస్టారూ. అంచులు మడిచి, తాడు పెట్టి అతికించాక ఆ మాత్రం తగ్గదాండీ?" అన్నారు.

కట్ సైజు! అంటే తమరు తమరుగా పుట్టకముందు, కర్మాగారంలో ఎవరో కత్తిరించిన క్షణంలో ఉన్న కొలత అన్నమాట. మడత కావలసింది తమరి అంచుకు, దాని ఖరీదు పెట్టింది నేను. రాజమండ్రి నుంచి విజయవాడకు టిక్కెట్టు కొన్నవాణ్ణి గుణదలలో దింపేసి, పట్టాలు వేసేటప్పుడు కొలత సరిగ్గానే ఉందండీ అంటే ఊరుకుంటామా? చీర ఐదున్నర మీటర్లంటే అంచు కుట్టాక కూడా ఐదున్నర ఉందో లేదో మూర వేసి చూసుకునే ఆడవాళ్లున్న జిల్లా ఇది. ఇక తరుగంటారా, అది మాకు కొత్త కాదు. తేమ 17 శాతం దాటిందంటే మిల్లు దగ్గర ధాన్యానికి తరుగు తీస్తారు. దానికైనా ఒక సాకుంది, గింజలో నీరుంది, ఆరితే బరువు తగ్గుతుంది. నీరు నిలపడానికి పుట్టిన తమరిలో ఏ తేమ ఆరిపోయి పదిహేడు చదరపు అడుగులు మాయమయ్యాయి? 16 అని అచ్చు వేసిన చేతికి 15 వేయడం రాదా? సిగ్గనేది ఉంటే కవరు మీద ఒక మూల చిన్న అక్షరాలతోనైనా ఆ ముక్క రాసేవారు. మోసమని తెలిసినా అడగరులే అన్న ధీమా తప్ప ఇందులో ఇంకేమీ లేదు.

క్షమించాలి, మర్యాద తప్పాను.

న్యాయానికి నా వైపు సంగతి ఒకటి కూడా చెప్పుకోవాలి. గుంత తవ్వే అతను, నేల మెత్తగా తెగుతోంది, ఇంకో అరడుగు దింపమంటారా అని అడిగితే, ఆ ఉత్సాహంలో కానిమ్మన్నాను. అప్పటికే తమరు ఇంట్లో ఉన్నారు. అరడుగు లోతు పెరిగితే షీటుకు రెండు వైపులా కలిపి అడుగు కావాలన్న సంగతి, ముప్పై ఏళ్లు చెప్పినవాడికి, ఆ సాయంత్రం తట్టలేదు. గట్ల మీద అడుగేసి పరుచుకోవలసిన అంచు, నా అడుగూ తమరి ఎనిమిది అంగుళాలూ పోగా, పొడవు వైపు రెండేసి అంగుళాలు మిగిలింది. నీరు నిండేకొద్దీ ఆ బరువు తమరిని మూలల్లోకి లాగింది, ఇటుకలు కదిలాయి, అంచున ఉన్న అల్యూమినియం రింగులు నీటిమట్టానికి దిగాయి, ఆ కన్నాల్లోంచి మొదలైన కారుడు మట్టిని కోసుకుంటూ పోయింది. "పన్నెండు పెద్దదా, ఎనిమిది పెద్దదా అండీ?" అని మా ఆవిడ అడిగింది. అంకెల్లో పన్నెండే పెద్దది. కాని నా పన్నెండు నేను ఒప్పుకున్నాను. తమరి ఎనిమిదిని ఒప్పుకున్నవాడు ఇంతవరకూ కనబడలేదు.

ఇంకొకటి కూడా ఉంది, రాయకపోతే పాపం. నిండిన తరువాత జారకముందు ఒక పావుగంట తమరు నిజంగా కొలనుగా ఉన్నారు. గాలి లేదు. జామాకు ఒకటి రాలి, తిరగకుండా, పడిన చోటే నిలబడింది. మా మనవరాలు గట్టు మీద బోర్లా పడుకుని అందులో తన ముక్కు చూసుకుంది. రింగుల్లోంచి కారింది గాని తమరి ఒంట్లోంచి ఒక్క చుక్క కారలేదు. అందువల్ల తమరిని పారేయడం లేదు. వానలు పడేలోగా పెరట్లోని కొబ్బరి డొక్కల మీద కప్పుతాను. అక్కడ ఎనిమిది అంగుళాలు తగ్గినా డొక్కలు అర్జీ పెట్టవు.

ఈ పూట దండెం తాడును గుంతలో పరిచి, గట్ల మీద అడుగేసి కలుపుకుని రెండు చివరలా ముడులు వేశాను. ముడికీ ముడికీ మధ్య సరిగ్గా 17 అడుగులు వచ్చింది. అడ్డంగా వేస్తే 13. లెక్క చెప్పిన కొలతే తాడూ చెప్పిందని గర్వంగా మా ఆవిడకు చెప్పాను. చెప్పకుండా ఉంటే బాగుండేది. రేపు అదే కొట్టుకు, అదే తాడు సంచిలో వేసుకుని, 18 బై 15 నల్ల షీటు కోసం వెళుతున్నాను. కవరు విప్పించి, వీధిలో పరిపించి, ముడులు ఆనించి చూశాకే డబ్బు ఇస్తాను. అంతవరకు మా ఇంట్లో బట్టలు పిట్టగోడ మీద ఆరుతాయి.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి నుంచి ఎనిమిది అంగుళాలు రావలసి ఉన్న మాస్టారు